అవ్వంటే ఎవరు

ఫోన్‌లో వచ్చిన మాటలు విని తానే రిపోర్టు రాసిపెట్టే ఏఐ ఒకటి మా ఆఫీసుకు వచ్చింది. పిల్లల సంరక్షణ విభాగంలో రాసీ రాసీ వేళ్లు కొంకర్లు పోయినదాన్ని కాబట్టి దాన్ని ముందు నెత్తిన పెట్టుకున్నది నేనే. కొత్తల్లుడని పేరు కూడా పెట్టాను. అదేం చెప్పినా అందరూ తలూపేవాళ్లు మరి.

ఒకరోజు నస్పూర్ నుంచి ఒక టీచరమ్మ, నాలుగో తరగతి పిల్ల బడికి రావడం లేదని తెలియజేసింది. హెల్ప్‌లైన్ వాళ్లు ఇంటికి ఫోన్ చేస్తే ఆ పిల్లే ఎత్తింది. ఆ మాటలు విని అల్లుడుగారు రిపోర్టు తయారుచేశారు. తండ్రి బావిలో దిగాడు, ఇంకా రాలేదు. తల్లి ప్రస్తావన లేదు. పిల్ల జ్వరంతో ఉన్న వృద్ధురాలి దగ్గర ఉంది. పైన ఎర్ర గుర్తు, కింద పిల్లను వెంటనే బాలసదనానికి తరలించమని సలహా.

మా ఆఫీసరు సార్ అప్పటికప్పుడు జీపు తీయించారు. నేను రికార్డింగు వినందే కదలనని కూర్చున్నాను.

"బాపు బాయిల దిగిండు, ఇంక రాలే. అవ్వకు జరమొచ్చింది. నేను అవ్వ దగ్గర్నే ఉంటున్న."

ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. బొగ్గుగనిని బాయి అంటారని నస్పూర్ గని కార్మికుల కాలనీల్లో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. షిఫ్టుకు పోయిన మనిషిని తీసుకెళ్లి బావిలో పడేశాడు మా అల్లుడు. ఇక అవ్వ. పుస్తకాల తెలుగులో అవ్వంటే ముసలమ్మ. మా వైపు అవ్వంటే కన్నతల్లి. ఆదిలాబాద్‌లో నేను మా అమ్మను పిలిచింది ఆ పేరుతోనే.

సార్‌కు చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు, భయస్తుడు. ఎర్ర గుర్తు పడ్డాక ఊరుకుంటే, రేపు పిల్లకేమన్నా అయితే జవాబు ఎవరు చెప్పాలన్నారు. నేను చెప్తానన్నాను. అన్నానే గానీ జీపులో దారంతా ఒకటే ఆలోచన. మాట నాకు అర్థమైంది సరే, ఆ ఇల్లు ఎలా ఉందో ఏమో.

జీపు చూడగానే ఆ అవ్వ మంచం మీంచి లేచి పిల్లను కడుపుకు హత్తుకుంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఒళ్లు కాలిపోతోంది. నేను పొయ్యి చూశాను, బియ్యం డబ్బా మూత తీశాను, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాను. గంజి తనే కాచి తాగించిందట. బడి సంగతి అడిగితే, బాపు బాయికి పోతే అవ్వను ఎవరు చూస్తరని నన్నే నిలదీసింది. అంతలో బావిలో దిగిన తండ్రి టిఫిన్ క్యాన్ పట్టుకుని వచ్చాడు. కడిగినా పోని బొగ్గు కాటుకలా కళ్ల చుట్టూ ఉంది.

పగలు అవ్వను కనిపెట్టుకుని ఉండమని పక్కింటావిడతో మాట్లాడి, మేమెందుకు వచ్చామో వాళ్లకు అప్పుడు చెప్పాను. తండ్రి నవ్వాడు. తల్లి నవ్వలేదు. పిల్ల నా కొంగు పట్టుకుంది.

"మరి అవ్వను మమ్మీ అని పిలువాల్నా? గప్పుడు నన్ను తీస్కపోరా?"

జీపు తీయించేదాకా పిల్ల గొంతు విన్నది యంత్రం ఒక్కటే, మా ఆఫీసులో ఒక్కరూ వినలేదు. సిగ్గేసింది.

"వద్దు బిడ్డా. అవ్వ అనే పిలువు. మా ఫోనుకు నేను నేర్పిస్త."

అక్కడే కూర్చుని ఎర్ర గుర్తు తీసేశాను. పిల్ల తల్లి దగ్గరే ఉంటుందని నా పూచీ మీద రాశాను. తల్లి అన్న మాట చెరిపి అవ్వ అని మార్చి, పక్కన అవ్వంటే కన్నతల్లి అని రాశాను.

జీపు ఎక్కుతుంటే లోపలి నుంచి పిల్ల గట్టిగా "అవ్వా" అని పిలవడం వినిపించింది. పనేం లేదు, ఊరికే. తల్లి ఓ అని పలికింది. మా అవ్వ పోయినప్పటి నుంచి ఆ పిలుపు నా నోటి నుంచి రాలేదని అప్పుడు తట్టింది. డ్రైవర్‌కు వినబడకుండా ఒక్కసారి పిలుచుకున్నాను.