మజ్జిగ ముందు ప్రార్థన

మొన్న మనవరాలి కులం సర్టిఫికెట్ కోసం ఊరి సచివాలయానికి వెళ్ళాను. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల తలెత్తకుండానే "మతం ఏందమ్మా?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. నాకు మాత్రం నోరు పెగల్లేదు. చెవుడనుకుందేమో, మళ్ళీ గట్టిగా అడిగింది. చెవుడు కాదు తల్లీ, ఆ ఒక్క ప్రశ్న మీద మా బాబాయి బతుకు తెల్లారిపోయింది.

గురజాల పక్కన మా పల్లె. రెండు గదుల ఇంట్లో పద్నాలుగు మందిమి. తాతయ్య చర్చిలో సంఘపెద్ద. ఇంట్లో దేనికి కరువున్నా ప్రార్థనకు కరువు లేదు. లేస్తే ప్రార్థన, మిరప కోతకు బయల్దేరితే ప్రార్థన, కూటి ముందు ప్రార్థన. తాతయ్య ప్రార్థన మాచర్ల ప్యాసింజరు లాంటిది, ఏ స్టేషనూ వదలదు. చుట్టాలనీ, పాడిగేదెనీ, రాని వాననీ పేరుపేరునా తలుచుకుని ఆమెన్ దాకా వచ్చేసరికి అన్నం చల్లారి, గోంగూర మీద ఈగ వాలేది. కళ్ళు తెరిచి ఈగను తోలామా, నాయనమ్మ మొట్టికాయ సిద్ధం. గుక్కెడు నీళ్ళయినా సరే, కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకోనిదే గొంతు దిగకూడదని ఆవిడ చట్టం. పద్నాలుగు మందిమీ ఆ చట్టం కిందే బతికాం.

మా పేటలో టీచర్ ట్రైనింగ్ చదివిన మొదటివాడు మా బాబాయి. ఆయనకు ఉద్యోగం వస్తే మా నాన్న నాపరాళ్ళ క్వారీ మానెయ్యొచ్చు, మేం పిల్లలం బడి మానక్కర్లేదు. ఇంటిల్లిపాదీ దానికోసమే కళ్ళలో వత్తులేసుకుని కూర్చున్నాం. మండలాలు వచ్చిన కొత్తల్లో పోస్టు చేతిదాకా వచ్చింది. ఎస్సీ సర్టిఫికెట్ ఒక్కటే కావాలి. క్రైస్తవులైతే అది ఇవ్వరు. బడి రికార్డుల్లో మేమంతా హిందువులమే, మా పేట పిల్లలందరినీ పంతులు అలాగే రాసి చేర్చుకున్నాడు. కానీ ఎవరో పుణ్యాత్ముడు ఆకాశరామన్న ఉత్తరం పడేశాడు. విచారణకు రెవెన్యూ ఇనస్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది.

తాతయ్య రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు తనే లేచి గోడ మీది వాక్యాల క్యాలెండర్ దించాడు. బైబిల్‌ను తువ్వాల్లో చుట్టి మిరపకాయల బస్తాలో దాచాడు. "ఒక్క పూటేరా. మన సంగతి పైనున్న ఆయనకు తెలవదా" అన్నాడు, బాబాయి మొహం చూడకుండా. మేనత్త పక్కింట్లోంచి కుంకం తెచ్చి ఆడవాళ్ళందరికీ బొట్లు పెట్టింది. అలవాటు లేని చెయ్యి, అమ్మ బొట్టు కనుబొమ్మ మీదికి జారింది. నాయనమ్మ మాత్రం "నాకు జొరమని చెప్పండి" అని ముసుగుతన్ని పడుకుంది.

ఇనస్పెక్టరు చెడ్డవాడేం కాదు. మా ఇంటి నీళ్ళు తాగడు కాబట్టి కొట్టు నుంచి గోలీసోడా తెప్పించాం. గోడలు చూశాడు, బొట్లు చూశాడు, హిందువులమని రాసుకున్నాడు. ఇక సంతకమే తరువాయి. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని బాబాయికి అప్పుడు ప్రాణం లేచొచ్చింది. అమ్మ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసి, తల వంచాడు. పెదాలు కదిలాయి. ఆయన్ని చూసి మేమందరం, ఆఖరికి తాతయ్య కూడా, తలలు వంచేశాం. మళ్ళీ ఎత్తేసరికి ఇనస్పెక్టరు పెన్ను ఆగిపోయి ఉంది.

"నేను చూడకపోయినా బాగుండేదయ్యా" అన్నాడాయన. "చూసినాక రాయకపోతే నా ఉద్యోగం పోద్ది." రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు. బాబాయి చేతిలో మజ్జిగ అలాగే ఉంది. పారబోసింది ఎవరో నాకు గుర్తులేదు.

సాయంత్రం తాతయ్య బస్తాలోంచి బైబిల్ తీసి తెరిచాడు. మిరప ఘాటుకు అందరికీ దగ్గు, కళ్ళనీళ్ళు. వాక్యం చదవలేక మూసేశాడు. "నీకు ఉద్యోగమూ దక్కలేదు, ఆయన ముందు నాకు మొహమూ చెల్లదు" అన్నాడు. తాతయ్య ఆ ఆదివారమే సంఘపెద్దరికం వదులుకుని, చర్చిలో వెనక చాప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు.

వారం తిరక్కుండా బాబాయి మా నాన్న వెంట క్వారీకి వెళ్ళాడు. నేను ఏడో తరగతితో బడి మానేసి మిరప కోతలకు వెళ్ళాను. ఏడ్చాను కూడా, ఎందుకు దాచాలి. బాబాయి పేపర్లో ప్రకటన పడ్డప్పుడల్లా దరఖాస్తు పెట్టేవాడు, కొన్నాళ్ళకు పేపరు చూడటమే మానేశాడు. తాతయ్య ప్రార్థన బాగా పొట్టిదైపోయింది. చుట్టాలు లేరు, గేదె లేదు, వాన లేదు. చిన్నోడికి ఉద్యోగం ఇప్పించు తండ్రీ అని ఒక్కటే అడిగేవాడు. పోయేదాకా అదే. కాలం గాయాలను మానుస్తుందని అంటారు గానీ, మా ఇంట్లో అది చేసింది ఒకటే పని: బాబాయికి ఉద్యోగపు వయసు దాటించేసింది. ఆ సంగతి తాతయ్యకు చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు, ఆయన అడుగుతున్నంత కాలం పక్కన కూర్చుని ఆమెన్ అంటూనే ఉన్నాం.