అల్లుడిని దొంగ అనేదెవరు?

గడప దాటడమే నేరమైన ఆ కరోనా రోజుల్లో చుట్టరికాలన్నీ ఫోన్లలోనే నడిచాయి. రఘునాథపల్లిలో నేను, అమ్మ, నాయిన; మొగుళ్లపల్లిలో మేనమామ ఇంట్లో అవ్వ; డోర్నకల్‌లో కొత్తగా కాపురం పెట్టిన అక్క, రైల్వేలో పనిచేసే బావ. పెళ్లయ్యాక బావ మా ఇంటికి రానేలేదు. ఫోన్ చేస్తే "మంచిగున్నరా" అని అడిగి అక్క చేతికిచ్చేసేవాడు. మేము ఆయనకు నచ్చలేదేమోనని మాకు, తాను మాకు నచ్చలేదేమోనని ఆయనకు దిగులు. మధ్యలో నలిగిపోయింది అక్క. "ఎట్లనన్న జేసి ఈయనను మనోళ్లల్ల కలుపు తమ్మీ" అని నన్ను బతిమాలింది. అప్పుడే ఉద్యోగంలో చేరి, ఇంట్లోంచే పనిచేస్తున్న మేధావిని కదా, రోజూ సాయంత్రం ఫోన్లో అందరి ముఖాలూ కనబడేలా వీడియో కాల్ కలిపి దొంగాట పెట్టాను.

ఆట తేలికే. ఫోను రహస్యంగా ఒకరిని దొంగను చేస్తుంది. ఆ దొంగ ఒక్కొక్కరినే ఆటలోంచి తప్పిస్తుంటే, మిగతావాళ్లు వాదించుకుని, అనుమానం ఉన్న మనిషిని ఓట్లేసి వెళ్లగొట్టాలి.

మొదటి ఆటలోనే బావ దొంగ. అబద్ధమాడితే చెవులు ఎర్రబడే మనిషాయన, అందరికీ తెలిసిపోయింది. కానీ ఇంటల్లుడిని దొంగ అనడమెలా? అమ్మ అల్లుడికి ఎదురుగా కూర్చోదు కనుక వంటింటి తలుపు చాటునుంచి ఆడేది (ఓటు మాత్రం సూటిగా నా మీదే వేసేది). నాయిన మీసం సవరించుకుని, "అల్లుడు గసొంటి పని చెయ్యడు" అని తీర్పు చెప్పి నన్ను వెళ్లగొట్టాడు. ఆ తర్వాత కూడా బావ దొంగైన ప్రతిసారీ గెలిచాడు. గెలిచినకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది. చివరికి ఇక ఆడనన్నాడు.

"నన్నింక సుట్టం లెక్కనే సూస్తున్నరు అంటుండు తమ్మీ" అంది అక్క. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆటతో కలుపుదామనుకుంటే ఆటే విడదీసింది.

ఒక్కసారికి రమ్మని బావను బతిమాలి కూర్చోబెట్టాను. ఆ రోజూ దొంగ ఆయనే. అలవాటు ప్రకారం నాయిన నా పేరెత్తాడు. అంతవరకూ చూడడమే తప్ప ఎన్నడూ ఆడని అవ్వ, మేనమామ చేతిలోని ఫోను లాక్కుంది.

"పోరని మీద ఎందుకు పడ్తరు? బిడ్డా, దొంగవు నువ్వే. నీ చెవులు జూస్కో, ఎట్ల ఎర్రగైనయో."

బావ చెవులు పట్టుకుని చూసుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "గట్లెట్ల అంటవ్ అవ్వా, మామ మీసం జూడు, దొంగ లెక్క లేడా?" అని నాయినను చూపిస్తూ వాదనకు దిగాడు. ఆ నవ్వు చూడ్డానికి అమ్మ తలుపు చాటునుంచి బయటికొచ్చింది. అందరం కలిసి ఆయన్ని ఓట్లేసి వెళ్లగొట్టాం. ఓడిపోయినందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఛార్జర్ కనబడకపోయినా మొదటి అనుమానం బావ మీదే. ఈమధ్యే నేనూ పెళ్లి చేసుకుని భూపాలపల్లి వాళ్లింటి అల్లుడినయ్యాను. మొన్న అత్తగారి వాళ్లతో ఫోన్లో దొంగాట మొదలుపెట్టాను. దొంగ నేనే. మామగారు కళ్లజోడు సవరించుకుని, "అల్లుడు గసొంటి పని చెయ్యడు" అన్నారు. అప్పటినుంచీ గెలుస్తూనే ఉన్నాను. మా అవ్వలాంటి మనిషి ఈ ఇంట్లో ఒక్కరైనా ఉండకపోతారా అని, ఆట సాగినంతసేపూ చెవులు తడుముకుంటూ కూర్చుంటున్నాను.