సూర్యుని అంచు నుంచి వచ్చే సంకేతం కోసం గిండీ ప్రయాణం

సూర్యుని మండించి, దాని చుట్టూ మన కంటికందని వెలుగును కిరీటంగా పెట్టిన దేవునికి స్తోత్రం.

మా చెల్లెలి కూతురు గ్రేసు మా చెన్నైలోనే గిండీ దగ్గర ఒక పరిశోధన సంస్థలో చదువుతోంది. ఆకాశంలో తిరిగే ఒక నౌక సూర్యుని వెనక్కి పోతోందనీ, అది పంపే రేడియో సంకేతం సూర్యుని అంచును రాసుకుంటూ వస్తుందనీ, తన డాక్టరేటు దాని మీదే ఆధారపడి ఉందనీ చెప్పింది. పోయినసారి రికార్డింగులు పాడయ్యాయి. ఈసారీ పోతే చదువు మానుకోవాల్సిందేనట. అందుకే మా పెరంబూరు సంఘమంతా ఉపవాసముండి, సంకేతం ఏ అలజడీ లేకుండా రావాలని ప్రార్థించాం.

శనివారం ఉదయం ఏడున్నరకు పెరంబూరులో ఎలక్ట్రిక్ రైలెక్కాను. వ్యాసర్పాడిలో మా సంఘపు రూతమ్మ పులిహోర క్యారియరుతో ఎక్కింది. సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి, పార్కు స్టేషన్లో గిండీ బండి పట్టుకోవాలి. రానుపోను టికెట్టు తీసుకుంటే మళ్లీ క్యూలో నిలబడే బాధ ఉండదు. బండిలో మల్లెపూలు కడుతున్న ఒకామె మా మాటలు విని, "సూర్యుడి సంగతా? మెడ్రాసు ఎండ చాల్లేదా తల్లీ మీకు?" అంది.

గిండీలో దిగి, బస్సెక్కి తొమ్మిదిన్నరకు సంస్థకు చేరాం. గ్రేసు మమ్మల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. విదేశంలోని పెద్ద ఏంటెన్నా అందుకున్న సంకేతం తెర మీద గీతలా ఉంది. మొదట నిదానంగా సాగి, చివరికొచ్చేసరికి రంపపు పళ్లలా ఎగిరిపడుతోంది.

"ఐయో, ఇదేందక్కా, ఇట్లా వణికిపోతా ఉండాది! మనం అంత ఉపవాసం ఉంటిమే?" అంది రూతమ్మ.

"ఏమని ప్రార్థించారు పెద్దమ్మా?" అంది గ్రేసు. చెప్పాను. ఆ పిల్ల తల పట్టుకుని నవ్వింది. "సరిపోయింది! దేవుడు మీ మాట వినుంటే నా కొంప మునిగేది. ఆ వణుకే నాకు కావాలి!"

సూర్యుని చుట్టూ ఉండే పలుచని వేడి వాయువును కరోనా అంటారట. అందులోంచి వచ్చేటప్పుడు సంకేతం ఎంత వణికిందో చూసి, ఆ వాయువు ఎంత దట్టంగా ఉందో, ఎలా కదులుతోందో లెక్క కడతారట. మనిషి అడుగుపెట్టలేని చోటి కబురు!

"అయితే గట్టెక్కినట్టేనా?" అన్నాను.

"ఇంకా లేదు పెద్దమ్మా. వచ్చే నెల సంకేతం సూర్యునికి ఇంకా దగ్గరగా వస్తుంది. అప్పుడు మరీ వణికితే ఏంటెన్నా పట్టుకోలేదు, తెగిపోతుంది. ఆ రోజులే ముఖ్యం."

ముగ్గురం పులిహోర తిన్నాక, మధ్యాహ్నం బండిలో తిరుగు ప్రయాణమయ్యాం. సైదాపేట దాటాక రూతమ్మ అడిగింది. "రేపు గుళ్లో ఏం చెప్పేదక్కా? దేవుడు మన మాట వినలేదు, మంచిదయిందని చెప్దామా?"

"అదే చెప్దాం," అన్నాను.

అడిగింది ఇవ్వకుండానే ఆయన గ్రేసుకు కావలసింది ఇచ్చాడు. ఇది చదివే సహోదరీ సహోదరులారా, వచ్చే నెలంతా మాతో కలిసి ప్రార్థించండి: ఆ సంకేతం ఎంత వణికినా సరే, తెగకుండా చేరాలని.