అమ్మ దరఖాస్తు మీద ముద్ర

వెర్లీన్ స్టాల్‌వర్త్ అలబామాలో ఒక చిన్న ఊరి బడిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా చరిత్ర, పౌరశాస్త్రం చెబుతోంది. పుస్తకంలో తమ కౌంటీ ఊసే లేదని, సెలవుల్లో కోర్టు నేలమాళిగలో దుమ్ము మింగుతూ పాత కాగితాలు వెతికింది. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకుంది. అన్నీ స్కాన్ చేసి తోటి టీచర్ల కోసం ఇంటర్నెట్‌లో పెట్టింది. అందులో ఒకటి, నల్లవాళ్ళకు ఓటు అందనివ్వని రోజుల్లో వాళ్ళమ్మ ఓరా ఓటు కోసం పెట్టుకున్న దరఖాస్తు. ముత్యాల్లాంటి అక్షరాలు, వాటి మీద అడ్డంగా తిరస్కరించినట్టు ముద్ర.

పెట్టేటప్పుడు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్న గడిలో టిక్కు కొట్టింది. టీచర్లంతా అంతే, చదవకుండానే కొడతారు.

ఈ ఏడాది జిల్లా విద్యాశాఖవాళ్ళు కొన్న ఆన్‌లైన్ పాఠం తెరిస్తే అమ్మ దరఖాస్తు కనిపించింది. పేరు చెరిపేశారు. కింద రెండు బొత్తాలు: ఒప్పుకో, తోసెయ్. పిల్లలు ఓట్ల అధికారి వేషం కట్టాలి. ఎంత త్వరగా ముద్ర కొడితే అన్ని నక్షత్రాలు.

"టీచర్! అరవైమందిని తోసేశా, నేనే ఫస్టు!" కెజాయా గంతులేసింది. "ఈవిడ రాత భలే ఉంది. అయినా టైం లేదుగా, ఠప్!"

వెర్లీన్ తెర మీది అమ్మ రాతకేసి చూసింది. పిల్లదేం చేస్తుంది? ఈ ఆట తయారుచేసినవాళ్ళు తినేది అన్నమా, గడ్డా?

ఆమె వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ హాస్క్యూ తన గదిలో డోనట్ తింటున్నాడు.

"ఆ పాఠం తీయించండి. అది మా అమ్మ."

"టిక్కు కొట్టింది నువ్వేగా వెర్లీన్? సంతోషించు, రాష్ట్రమంతా మీ అమ్మని చూస్తోంది."

"చూడ్డం లేదు, ముద్ర కొడుతున్నారు."

"పది నిమిషాల పని, కానిచ్చెయ్. ఎంతమంది పూర్తి చేశారో శుక్రవారం పైకి పంపాలి." వేళ్ళకంటిన చక్కెర నాక్కున్నాడు.

శుక్రవారం ఆమె కెజాయా ఆటని కూడా లెక్కలో కలపకుండా సున్నా అని రాసి పంపింది. ఇంటర్నెట్‌లో తన పేజీలోని కాగితాలు ఒక్కొక్కటే తీసేసింది. పాఠం అమ్మిన కంపెనీ దగ్గర నకళ్ళున్నాయని తెలుసు. అప్పుడే మరో సంగతి తట్టింది. ఊరివాళ్ళు నమ్మి ఇచ్చిన కాగితాలన్నిటికీ టిక్కు కొట్టింది తన వేలే.

ఆదివారం చర్చి మెట్ల దగ్గర నిలబడి జరిగింది అందరికీ చెప్పింది. చర్చి పెద్ద, ముసలి డీకన్ క్రెన్‌షా టోపీ తీశాడు.

"ఆ ఆటలో మా నాన్నదీ ఉందా, అమ్మాయ్?"

"ఉంది డీకన్ గారూ."

"ఇప్పటికి ఎంతమంది ఆయన మీద ముద్ర కొట్టుంటారు?"