సున్నం పడని సగం

మా మేనత్త చనిపోయిందని బాపు చెప్పినప్పుడు మా మరమగ్గాల షెడ్డులో సాంచెల చప్పుడుకు నాకు వినపడలేదు. దగ్గరికొచ్చి చెవిలో అరిచినట్టు మళ్లీ చెప్పాడు. "మీ అత్తమ్మ పోయింది బిడ్డా. నిద్రలనే." సరేనన్నాను. చేతిలో ఉన్న గుడ్డ మడత పూర్తిచేసి, పక్కన పెట్టి, అప్పుడు లేచాను. ఇదంతా రాస్తున్నప్పుడు కూడా ఏడుపు రావడం లేదు. వస్తుందేమోనని చూస్తున్నాను.

భివండి పద్మనగర్‌లో మగ్గాల ఇంట్లో పుట్టి, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే దాకా వెళ్లిన మనిషి ఆమె. పాఠాలు అయిపోతే ఆమె మనసంతా ఊరవతలి అడవి వాలు మీదే. వానలు దంచికొట్టే నేల కదా, అక్కడి మట్టిలో ఆమ్లం ఎక్కువ. అటవీశాఖ అనుమతి తీసుకుని వాలులో సగానికి సున్నపురాయి పొడి చల్లించింది. మిగతా సగాన్ని ఉన్నదున్నట్టు వదిలేసింది. మధ్య చెట్లకు మా షెడ్డులోని గుడ్డ అంచుల పీలికలు కట్టి హద్దు పెట్టింది.

సున్నం పడితే మట్టిలోని సూక్ష్మజీవులు ఏం చేస్తాయో చూడటానికి ఆమె వాడింది మా గుడ్డే. నూలు గుడ్డ ముక్కలు రెండు వైపులా పాతిపెట్టి, కొన్ని వారాలకు తవ్వి తీసేది. ఆ జీవులు ఎంత చురుగ్గా ఉంటే గుడ్డ అంత తొందరగా చివికిపోతుంది. ఎందుకో ఏమిటో బాపు ఎప్పుడూ అడగలేదు. చెల్లెలు అడిగింది, ఇచ్చాడు, అంతే. ఒకసారి చూసుకోకుండా నూలుకు బదులు పాలిస్టర్ గుడ్డ ఇచ్చాడు. తవ్వితే కొత్తదానిలా బయటికొచ్చింది. అత్తమ్మ దాన్ని తెచ్చి బాపు ముందు పడేసింది.

"ఏందన్నా, నీ మాల్ మట్టి గూడ తీసుకోలే. రిటర్న్ కొట్టింది."

బాపు ఆ మాట కనపడినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వాడు.

సున్నం వేసిన వైపు గుడ్డ పోగులు పోగులుగా చేతికొచ్చేది. నేను సంబరపడ్డాను. "అత్తమ్మా, మట్టి బాగుపడ్డది గదా!"

"ఆకలి పెరిగింది బిడ్డా, గంతే. రాలిన ఆకునంత గబగబ తింటున్నయి. రేపేం తింటయి?"

నిజమే, అటువైపు ఆకుల పొర పలచబడింది. సున్నం లేని వైపు కాలు దిగబడేంత ఆకు, దాని కింద తెల్లటి బూజు దారాలు. చెట్లకు ఏది మేలని ఎవరడిగినా ఆమె జవాబు ఒకటే: "ఇంకా తెల్వలే." ఏమాత్రం సిగ్గుపడకుండా అనేది. అంత చదివి ఆ మాట అనగలిగినవాళ్లను నేను ఇంకొకరిని చూడలేదు.

పెద్దకర్మ మర్నాడు బాపు టెంపో మాట్లాడాడు. నిండా సున్నపురాయి పొడి బస్తాలు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు, మా షెడ్డు మనుషులు వెంట వచ్చారు. వాలు దగ్గర దిగాక బాపు అన్నాడు.

"చెల్లె సగం పని చేసి పోయింది. మిగిలిన సగం మనం జల్లుదాం."

ఆ సగంలో కూడా సున్నం పడితే పోల్చి చూడటానికి ఇక ఏమీ ఉండదు. ఆమె ఇన్నేళ్ల పని అక్కడితో సరి. కానీ చెల్లెలి మీద ప్రేమతో వచ్చిన మనిషికి ఆ మాట ఎలా చెప్పను? బస్తా మూతి విప్పుతున్న ఆయన చేయి పట్టుకున్నాను.

"బాపూ, అది మిగిలిపోయింది గాదు. అత్తమ్మ కావాలనే ఇడిసిపెట్టింది. ఆ సగం గట్లనే ఉంటేనే ఆమె పని నిలుస్తది."

బాపు బస్తా మూతి మళ్లీ ముడేశాడు. "మరి నేనేం చేయాలె బిడ్డా?"

"ఏం చేయొద్దు."

బస్తాలు టెంపోలోనే ఉండిపోయాయి. సెలవు రోజున కూడా ఒకచోట నిలవని మనుషులు ఆ ఆకుల మీద చతికిలబడ్డారు. బాపు ఒళ్లో ఒక ఆకు రాలింది. దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత వంగి, మిగతా ఆకుల మధ్య మెల్లగా పెట్టాడు.