నా ఊపిరి ముచ్చట నాకు చెప్పరా?

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. పటాన్‌చెరు దగ్గర చిట్కుల్‌లో ఆడవాళ్ల ఊపిరితిత్తుల మీద ఒక విదేశీ విశ్వవిద్యాలయం అధ్యయనం చేస్తోంది. అందులో నేను ఫీల్డ్ నర్సును. మా పని స్పైరోమెట్రీ, అంటే నిండా గాలి పీల్చి గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష. మెషిన్ వాళ్లది, ప్రశ్నలు వాళ్లవి. ఊదేది మాత్రం మా వాళ్లు. అధ్యయనం అచ్చయ్యేదాకా ఫలితం ఎవరికీ చెప్పకూడదని ఒప్పందం. నాకు ఒళ్లు మండేది.

రెండో విడతకు లక్ష్మమ్మ అడ్డం తిరిగింది. ఆమె ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. దగ్గు వదలడం లేదు. పొయ్యి దగ్గర పని మానాలో వద్దో ఆమెకు తేలాలి.

"పోయినసారి ఊదిన గద సిస్టరమ్మా, ఏమొచ్చింది?"

"చెప్పే అధికారం నాకు లేదక్కా."

"నా ఊపిరి ముచ్చట నాకు చెప్పరా? గట్లయితే నేను ఊద, పో!"

ఆమెతో పాటు వాడకట్టు ఆడవాళ్లంతా లేచి వెళ్లిపోయారు. నాకు లోలోపల పండగే! ఫలితాలు చెబుదామని ఆన్‌లైన్ మీటింగ్‌లో నేను ఎన్నిసార్లు అడిగినా "చూద్దాం" అన్న, ఈ అధ్యయనం నడిపే ప్రొఫెసర్ మేడం, ఊదేవాళ్లు లేరనగానే విమానం ఎక్కి వచ్చేసింది.

రాగానే మీటింగ్‌కు రమ్మని అందరికీ ఫోన్‌లో మెసేజ్ పెట్టించింది. ఒక్కరూ రాలేదు. ఎందుకని లక్ష్మమ్మ ఇంటికి వెళ్లి అడిగాం.

"బొట్టు పెట్టి పిలువకుంటె ఎట్లొస్తం?"

ఇక మేడం కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. కొందరికి బొట్టు ముక్కు మీద పడింది. నవ్వుకుంటూనే అందరూ వచ్చారు.

"ముందుగాల నువ్వు ఊదు మేడం," అంది లక్ష్మమ్మ. పాపం, ఊదింది. తెర మీద ఫలితం రాగానే మేడం ఆత్రంగా వంగి చూసుకుంది.

"సూశినవా, నీది నీకు గిప్పుడే తెల్శె. మాది మాకు తెల్వొద్దా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. మేడం ముఖం ఎర్రబడింది. "ఆమె అన్నది నిజం. తప్పు మాదే," అంది. పరీక్షకు వచ్చేవాళ్ల హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతితో ఒప్పందం మార్చారు. ముందు ఎవరి ఫలితం వాళ్లకు, తర్వాతే అచ్చు.

లక్ష్మమ్మ ఊపిరి బలం ఉండాల్సినదానికన్నా కాస్త తక్కువని తేలింది. డాక్టర్ ఇన్‌హేలర్ రాశారు. క్యాంటీన్‌లో ఆమె పొయ్యి వదిలి వడ్డనకు మారింది. ఫలితం చేతికి అందిన రోజు, "ఇగ తే ఆ గొట్టం!" అని కొంగు బిగించి కూర్చుంది.

భాగస్వామ్యం అన్న మాట మీటింగ్‌లలో చాలా విన్నాను. ఫలితం ముందు ఎవరి చేతికి వస్తుందో చూస్తే అది ఉత్త మాటో కాదో తెలిసిపోతుందని నాకు నేర్పింది లక్ష్మమ్మే.