బస్సు దాకా తోడు

నా చిన్నప్పుడు మా అవ్వ ఒంటరిగా బస్సెక్కలేని మనిషని చుట్టుపక్కల నాలుగు ఊళ్లు నమ్మేవి. ఆ నమ్మకం కలిగించడానికి ఆమె చాలా కష్టపడింది.

పుంగనూరులో అవ్వ ఒక భోజనం మెస్సు నడిపేది. బడి అయ్యవార్లు, ఆఫీసు గుమాస్తాలు, లారీ డ్రైవర్లు మధ్యాహ్నం వచ్చి తినేవాళ్లు. చింతపండు, విస్తళ్లు, అప్పడాలు ఎక్కడ బాగుంటే అక్కడికి తానే పోయి చూసి తెచ్చేది. బడి లేని రోజుల్లో నన్నూ వెంట తీసుకుపోయేది. సరుకు చూసి, ధర అడిగి, రేపు చెబుతానని లేచి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, అక్కడ పనిచేసేవాళ్లలో ఒకరిని పిలిచి అడిగేది: “నాకు సూపు ఆనదు. బస్సు దాకా తోడు రామ్మా.”

పక్కనే తొమ్మిదేళ్ల దాన్ని, రెండు జడలతో, రెండు కళ్లతో నేను నిలబడి ఉండగా ఆమె అలా అడగడం నాకు అవమానంగా ఉండేది. పైగా అది పచ్చి అబద్ధం. మెస్సులో ఏ మూల కూర్చున్నవాడు ఎన్ని అప్పడాలు తిన్నాడో పొయ్యి దగ్గర నుంచే చెప్పగల మనిషి ఆమె.

తోడు వచ్చినవాళ్లతో దారి పొడవునా మాట్లాడేది. ఏమి తిన్నావు, పిల్లోళ్లు యాడుండారు, ఊరికి ఎప్పుడు పొయ్యొచ్చినావు. కొన్ని చోట్లకు మళ్లీ పోయేవాళ్లం, కొన్ని చోట్లకు పోయేవాళ్లం కాదు. ఎందుకో నాకు తెలియదు. అడగాలనీ తోచలేదు. నా ధ్యాసంతా ఎక్కడ ఏమి తినడానికి పెడతారన్న దాని మీద ఉండేది.

ఒక ఎండాకాలం, కుప్పం దగ్గర ఒక షెడ్డులో గింజ తీసిన చింతపండు చవకగా ఇస్తున్నారని మెస్సుకు వచ్చే డ్రైవరు ఒకాయన చెప్పాడు. పోయాం. పొడవాటి రేకుల షెడ్డు. నేల మీద వరసగా కూర్చుని ఆడవాళ్లు చింతకాయలు కొట్టి గింజలు తీస్తున్నారు. వెనకాల వాళ్ల వంట పొయ్యిలు, ఆరేసిన బట్టలు. చుట్టూ ప్రహరీ, ముందు ఇనుప గేటు. షెడ్డు యజమాని చాలా మర్యాదస్తుడు. అవ్వకు కుర్చీ వేయించి, నాకు గోలీ సోడా తెప్పించాడు. అంత మంచివాణ్ని నేను అంతకుముందు చూడలేదు.

పండు బాగుంది, ధర ఇంకా బాగుంది. అవ్వ లేచి, కళ్లు ఒత్తుకుని, దగ్గరున్న ఒకామెను తోడు రమ్మంది. ఆమె అవ్వ వైపు చూడలేదు. యజమాని వైపు చూసింది.

“ఆ యమ్మకు పనుండాది అవ్వా. మావోణ్ణి పంపిస్తా, సైకిల్ మీద దింపుతాడు,” అన్నాడాయన.

“ఈ వయసులో నేను సైకిలెక్కి పడితే నా మెస్సులో వడ్డించేది ఎవురప్పా?” అంది అవ్వ. అందరూ నవ్వారు. కాదనడానికి ఆయనకు దారి దొరకలేదు. సరే, బిరీన పొయ్యి రమ్మన్నాడు.

ఆమె లేచింది. చేతులు కొంగుకు సగం తుడుచుకుని, చూపు లేని మనిషిని నడిపించినట్టు అవ్వ మణికట్టు పట్టుకుంది. గేటు దాకా వచ్చాం. కాపలా అతను గడియ తీస్తున్నాడు.

నవ్వించే పిల్లనని అప్పటికే నాకు ఇంట్లో, బడిలో పేరుంది. గోలీ సోడా కడుపులో ఉంది. పైగా చాలా రోజుల అవమానం. వెనక్కి తిరిగి, షెడ్డంతా వినబడేట్టు అన్నాను: “మా అవ్వకు కండ్లు బాగానే కనపడతాయి. బియ్యంలో పురుగు ఆడదో మగదో కూడా చెప్తాది.”

షెడ్డు మొత్తం నవ్వింది. గింజలు తీసే ఆడవాళ్లు నవ్వారు, కాపలా అతను నవ్వాడు, అందరికంటే ఎక్కువగా యజమాని నవ్వాడు. “అయితే బస్సు బోర్డు కూడా నువ్వే సదువుకో అవ్వా,” అని, ఆమెను లోపలికి రమ్మని తల ఊపాడు. ఆమె అవ్వ చెయ్యి వదిలి, వెనక్కి పోయి, లేచిన చోటే కూర్చుంది. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో అంత బాగా పండినది ఇంకొకటి లేదు.

అవ్వ చింతపండు కొనలేదు. నన్ను తిట్టనూ లేదు. బస్సులో కూర్చున్నాక తన చెయ్యి చూపించింది. మణికట్టు మీద చింతపండు జిగట, నాలుగు వేళ్ల గుర్తులు. ఊరికే పట్టుకున్న పట్టు కాదది.

“యజమాని ముందర అడిగితే అందురూ బాగుండామనే అంటారు, అమ్మణ్ణీ. గేటు దాటినాక అడగల్ల. అసలు దాటనిస్తారా లేదా, ముందు అది సూడల్ల.”

అంతే చెప్పింది. పలమనేరు దాటేదాకా ఆ చెయ్యి కడుక్కోలేదు.

మూడో రోజు అవ్వ, మెస్సులో తినే ఒక అయ్యవారినీ, తాలూకాఫీసు గుమాస్తానూ వెంటబెట్టుకుని మళ్లీ కుప్పం పోయింది. నేనూ పోయాను. గేటు బార్లా తెరిచి ఉంది. లోపల మనుషులు లేరు. పొయ్యిల్లో బూడిద, ఒక మూల చింతగింజల కుప్ప. ముందు రోజే అందరినీ లారీ ఎక్కించి అరవదేశం వైపు తీసుకుపోయారని పక్కన టీకొట్టు ఆయన చెప్పాడు. నా జోకు వల్లే అని ఎవరూ అనలేదు. కాదనీ ఎవరూ అనలేదు.

ఆ తర్వాత అవ్వ నిమ్మనపల్లెలో ఒకామె దగ్గర చింతపండు కొనేది. ఆమె ధర ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. కానీ ఆమె దగ్గర పనిచేసేవాళ్లు బస్సు దాకా వచ్చి, బస్సు కదిలాక కూడా కిటికీ పట్టుకుని తమ యజమానురాలిని తిడుతూనే ఉండేవాళ్లు. అవ్వకు ఆ తిట్లు చాలా నచ్చేవి.

డిగ్రీ అయ్యాక చాలా పనులు చేసి, చివరికి నేనూ వంటలోకే వచ్చాను. మదనపల్లెలో క్యాటరింగ్ నడుపుతున్నాను. చపాతీలు చేసి పంపే చోటికి, బల్లల గుడ్డలు ఉతికే చోటికి స్వయంగా పోతాను. కారు నాలుగు వీధుల అవతల పెట్టి, కళ్లు ఒత్తుకుని, బస్సు దాకా తోడు రమ్మంటాను. ఇద్దరి దగ్గర సరుకు మానేశాను. ఈ సంగతి చెప్పుకుని కొంత గర్వపడేదాన్ని కూడా.

పోయిన ఎండాకాలం మా చెల్లెలు వచ్చి పోతుంటే సంచులు బరువయ్యాయి. మా వంటశాలలో అండాలు తోముతున్న ఒకమ్మాయిని తోడు పొమ్మన్నాను. ఒడిశా నుంచి ఏజెంటు తెచ్చిన ఆరుగురిలో ఒకామె. లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నా వైపు చూడలేదు. గేటు దగ్గరున్న మా సూపర్‌వైజరు వైపు చూసింది.

నేనూ చెప్పులు వేసుకుని బయల్దేరాను. చెల్లెలు బస్సెక్కాక, తిరిగి వస్తూ, అవ్వ అడిగే ప్రశ్నలే అడిగాను. ఆ అమ్మాయి వచ్చీరాని తెలుగులో చెప్పింది: “మా అమ్మకు బాగలేదు. పోతాను అని చెప్పాను. కార్డు మేడం బీరువాలో ఉంది, సీజన్ అయినాక పో అని సూపర్‌వైజర్ అన్నారు.”

ఫిర్యాదులా చెప్పలేదు. ఆ మేడం ఎవరో నాకు తెలియదేమో అన్నట్టు చెప్పింది.

ఆరుగురి ఆధార్ కార్డులూ నా బీరువాలో, పట్టుచీరల కింద ఉన్న మాట నిజమే. పారేసుకుంటారని భద్రంగా పెట్టానని అందరితో అన్నాను. ముహూర్తాల మధ్యలో వదిలి వెళ్లిపోతారన్నది అసలు భయం. ఆ సాయంత్రమే తీసి ఎవరివి వాళ్లకు ఇచ్చాను. వాళ్ల వస్తువు వాళ్లకిస్తే రెండు చేతులతో అందుకుని నాకు నమస్కారం పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ అమ్మాయి మర్నాడే వెళ్లింది. వారంలో ఇంకో ఇద్దరు వెళ్లారు. బి.కొత్తకోట పెళ్లిలో అండాలు నేనే తోమాను. నా నైపుణ్యం గురించి పెళ్లివాళ్లు ఏమీ అనలేదు. ఆమె వాళ్లమ్మను చూడగలిగిందో లేదో మాత్రం ఫోన్ చేసి అడగలేదు. నంబరు ఉంది. మొహం లేదు.

ఇప్పుడు మా గేటుకు గడియ లేదు. కార్డులు ఎవరివి వాళ్ల దగ్గరే ఉంటాయి. నా దగ్గర పనిచేసేవాళ్లు ఎవరైనా బస్సు దాకా తోడు వస్తుంటే, దారి పొడవునా నేను ఒక్క జోకు కూడా వేయను. నన్ను ఎరిగినవాళ్లకు అది ఎంత కష్టమో తెలుసు. గేటు దాటాక కూడా వాళ్లు నాతో మాట్లాడకుండా నడిచే రోజులున్నాయి. అప్పుడు నా మణికట్టు వైపు చూసుకుంటాను.